కాకరకాయ చొక్కా

మొన్న రేపల్లె వెళ్ళి అక్క దగ్గర నాలుగు రోజులుండి వచ్చాను. బావగారు పోయి ఏడాది దాటింది, మనిషి ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. బాగానే ఉంది. ఉదయం లేచి కాఫీ తాగి, పేపరు చదివి, పేపర్లో రాసినవాళ్ళందరినీ తిట్టి, తర్వాతే మిగతా పనులు మొదలుపెడుతోంది. నేను వెళ్ళిన రోజే అక్క మనవరాలు బీరువా సర్దుతూ పాత ఫొటో ఒకటి పట్టుకొచ్చింది. "అమ్మమ్మా, ఇదేంటి, మీవాళ్ళందరి చొక్కాల మీదా ఇన్ని మరకలేంటి? పాత ఫొటోల్లో ఎవరూ నవ్వరు కదా, మీరందరూ ఇలా పళ్ళికిలిస్తున్నారేంటి? ఈ చివరాయన చొక్కా నిండా ఆ కురుపులేంటి?" అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. ఆ చివరాయన మీ తాతయ్యేనే అంటే నమ్మదు. దానికి తెలిసిన తాతయ్య నల్ల ఫ్రేము కళ్ళజోడు పెట్టుకుని, లెక్క తప్పినవాణ్ణి చూసినట్టు లోకాన్ని చూసేవాడు. ఆయన ఇలా నోరంతా తెరిచి నవ్వడం ఏమిటి? చెబుదామని మొదలుపెట్టాం. నేను సగం చెప్పేసరికి అక్కకి నవ్వు, అక్కని చూసి నాకు నవ్వు, ఇద్దరికీ దగ్గు. పిల్ల విసుక్కుని లేచిపోయింది. నోటితో చెప్పడం మావల్ల అయ్యేట్టు లేదని ఇలా కాగితం మీద పెడుతున్నాను.

మా నాన్న తెనాలి హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, అక్క, నేను, తమ్ముడు. మా ఇల్లు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది దొడ్లో నీళ్ళపొయ్యి పొగ, దానిమీద నల్లగా మసిపట్టిన రాగి కాగు, పక్కనే తడిగుడ్డలో చుట్టిపెట్టిన పూల వాసన. నాయనమ్మ పొద్దున్నే స్నానం చేసి అరటినార నీళ్ళలో నానేసుకుని వసారాలో కూర్చునేది. చేతిలో పువ్వు ఎప్పుడు పడేదో, ముడి ఎప్పుడు పడేదో మన కంటికి అందేది కాదు. మాటల్లో ఎవరినైనా కడిగేస్తున్నప్పుడు ఇంకా జోరుగా కట్టేది. మా వీధిలో ఎవరిమీద కోపం వచ్చినా ఆ రోజు మా దేవుడికి మూర దండ ఎక్కువ పడేది.

పండక్కి బట్టల విషయంలో నాన్నది ఒకటే పద్ధతి. ఏడాదికి ఒక తాను కొనేవాడు. ఆ ఒక్క తానులోంచే అందరికీ బట్టలు కుట్టాలి. విడివిడిగా కొంటే ఒకరిది బాగుంది, ఒకరిది బాలేదు అని పేచీలు వస్తాయని ఆయన సిద్ధాంతం. ఒక ఏడు గోధుమరంగు గళ్ళ తాను తెచ్చాడు. నాన్నకి చొక్కా, తమ్ముడికి చొక్కా, నాకు గౌను, అక్కకి జాకెట్టు, మిగిలిన ముక్కలతో దిండ్లకి గలీబులు, వీధి కిటికీకి కర్టెను. తమ్ముడు ఆ కిటికీ దగ్గర నిలబడితే కనిపించేవాడు కాదు. అన్నం తినడానికి పిలిస్తే కర్టెన్లోంచి పలికేవాడు. మేమంతా వరసగా బజార్లో నడుస్తుంటే ఎవరో "బ్యాండుమేళం వచ్చేసిందర్రా" అన్నారు. ఆ మాటకి నేను వారం రోజులు ఏడ్చాను.

నేను చెప్పేది డెబ్బయిల మొదట్లో సంగతి. ఆ శ్రావణంలో అక్క పెళ్ళయింది. దసరాకి నాన్న తెచ్చిన తాను చూసి మా ప్రాణాలు ఉసూరుమన్నాయి. తెల్ల లాంక్లాతు, ఉత్త నూలుగుడ్డ. పండక్కి వేసుకుని, తర్వాత స్కూలు యూనిఫారానికి వాడుకోవచ్చని ఆయన ఆలోచన. కొత్తల్లుడు మొదటి పండక్కి వస్తున్నాడు కాబట్టి ఆయనకి మాత్రం విడిగా టెరిలిన్ గుడ్డ తెచ్చాడు. అది కూడా తెలుపే గానీ ఆ తెలుపు వేరు. టెరిలిన్ అంటే అప్పట్లో పెద్ద విషయం. ఉతికి దండెం మీద వేస్తే అన్నం వార్చేలోపు ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, మడత చెడదు. నూలు చొక్కా వేసుకున్నవాడు టెరిలిన్ చొక్కా వేసుకున్నవాడికి తెలియకుండానే దారిచ్చే రోజులవి. మేం పిల్లలం చేతులు కడుక్కుని వచ్చి ఆ గుడ్డని ఒకసారి తాకి వెళ్ళాం. మా ఇంటికి అలవాటైన దర్జీ మస్తాన్‌గారు పెళ్ళినాటి కొలతలతో అల్లుడి చొక్కాని ప్రత్యేకంగా ముందు కుట్టిచ్చి, తర్వాత మా అందరివీ, పండక్కి రాబోయే మావయ్యదీ కుట్టాడు.

అమ్మకి మాత్రం బట్టల మీద ధ్యాస లేదు. ఆవిడ మనసంతా రేపల్లెలో ఉంది. మా అక్క పెళ్ళికి ముందు ఎలా నవ్వేదంటే, పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి "ఏంటమ్మా, నాకూ చెప్పండి" అని అడిగేది. ఆ పిల్ల రేపల్లె నుంచి రాసే ఉత్తరాలు నాలుగు వాక్యాలు దాటేవి కాదు. అందరం క్షేమం, మీ క్షేమం తెలియజేయండి, వానలు పడుతున్నాయి, ఆయన ఎక్కువ మాట్లాడరు. ఈ చివరి వాక్యం వచ్చిన రెండు ఉత్తరాల్లోనూ ఉంది. బావగారు రేపల్లెలో రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా. పెళ్ళి నాలుగు రోజుల్లోనూ ఆయన నోట మేం విన్నవి "అవునండి", "లేదండి", "పర్లేదండి", అంతే. మంచివాడో కోపిష్ఠివాడో తెలీదు. అక్క సుఖంగా ఉందో లేదో అంతకన్నా తెలీదు. "పండక్కి వస్తారుగా, పిల్ల మొహం చూస్తే తెలిసిపోతుంది. ఈలోపు మనవల్ల ఏ లోటూ రాకూడదు. మనం ఏదన్నా తేడా చేస్తే అది పడేది దాని నెత్తిన," అని అమ్మ రోజూ ఎవరో ఒకరితో అనేది. ఎవరూ లేకపోతే పప్పు రుబ్బుతూ రోలుతో అనేది.

పండగ ఇంకా మూడు రోజులుందనగా బాపట్ల నుంచి రమణ మావయ్య దిగాడు. అమ్మకి ఆఖరి తమ్ముడు, బాపట్లలో చదువుకుంటున్నాడు. చదువు తప్ప అన్నీ చేసేవాడు. ఆ రోజు ఒక చేతిలో సంచీ, రెండో చేతిలో పెద్ద డబ్బా. డబ్బాలోంచి నీళ్ళు కారి చెప్పులు తడిసిపోయాయి. సూర్యలంక సముద్రపు ఒడ్డున ఎవరో తెల్లదొరల జంట కనిపించారట. వాళ్ళ చొక్కాల మీద సూర్యుళ్ళు, సుడులు, నీళ్ళలో రంగు చుక్క పడితే విచ్చుకున్నట్టు పువ్వులు ఉన్నాయట. దగ్గరికెళ్ళి ఇదెక్కడ కొన్నారని అడిగితే, కొనలేదు, ముడులు కట్టి రంగులో ముంచామని చేతులు తిప్పి చూపించారట. మావయ్య మర్నాడే చీరాల వెళ్ళి, నేతగాళ్ళకి నూలు అద్దిపెట్టే ఒకాయన్ని పట్టుకుని, పద్ధతంతా తెలుసుకుని, ఊదా, పసుపు, ఎరుపు రంగు పొట్లాలు తెచ్చేశాడు. "తెల్ల బట్టలున్నాయిగా అక్కయ్యా! తెనాలిలో ఎవడికీ లేని చొక్కాలు మనకి!" అని వసారాలో గంతులేశాడు.

"ఆ డబ్బాలో ఏంట్రా?" అంది అమ్మ.

"సముద్రం నీళ్ళు."

"ఎందుకురా?"

"రంగులో ఉప్పు వెయ్యమన్నాడు ఆయన. ఎంత వెయ్యాలో అడగడం మర్చిపోయా. సముద్రమైతే దేవుడు కొలిచి కలిపిందే కదా."

"ఇంట్లో జాడీ నిండా రాళ్ళుప్పు పెట్టుకుని సముద్రాన్ని రైలెక్కించి తెచ్చావుట్రా!" అని నాయనమ్మ నవ్వీ నవ్వీ పూలబుట్ట దొర్లించేసింది. ఆవిడ నవ్విందంటే సగం అనుమతి వచ్చినట్టే. మిగతా సగం నాన్న దగ్గర్నుంచి రావాలి. జీవితంలో తెలుపు తప్ప వేసుకోని మనిషి. గోధుమ గళ్ళ చొక్కా కూడా ఆ ఒక్క పండగరోజు వేసి విప్పేశాడు. మావయ్య చెప్పిందంతా విని, పెన్సిలు చెవిమీద పెట్టుకుని, "ముడి చుట్టూ రంగు వృత్తంగా వస్తుందంటావు. ఒకదాని చుట్టూ ఒకటి. అంటే ఏకకేంద్ర వృత్తాలు. అన్నిటికీ కేంద్రం ఒకటే ఉండాలి, తప్పితే నేను వేసుకోను," అన్నాడు. లోపలికెళ్ళి వృత్తలేఖిని తెచ్చుకుని తన చొక్కా మీద తనే గీతలు గీసుకోవడం మొదలుపెట్టాడు. మేం నోళ్ళు తెరిచి చూశాం.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో వంట ఎప్పుడైందో, తిండి ఎప్పుడు తిన్నామో గుర్తులేదు. చాప మీద చొక్కాలు పరిచి, ముడికి లోపల పెట్టడానికి చేతికందిందల్లా వాడాం. తమ్ముడు గోళీలు పెట్టుకున్నాడు. మావయ్య పెద్ద సూర్యుడు కావాలని ఏకంగా ఉల్లిపాయ పెట్టి కట్టాడు. నాకు గౌనొద్దు, చొక్కాయే కావాలని కుట్టేముందే పేచీ పెట్టి సాధించుకున్నాను. ఆడపిల్లకి చొక్కా ఏంటని నాయనమ్మ అంటూనే, నా చొక్కా వీపు మీద తామరపువ్వు వచ్చేలా ముడులు తనే కట్టింది. దారంతో మేం కట్టిన ముడులు జారిపోతుంటే, ఆవిడ అరటినారతో కట్టినవి రాయిలా బిగిసేవి. "పొద్దస్తమానం పూలు కడుతుంటే వెక్కిరించేవాళ్ళుగా. ఇప్పుడు రండి నా దగ్గరికి," అని అందరినీ వరసలో కూర్చోబెట్టుకుంది.

టెరిలిన్ చొక్కా దగ్గరే చిక్కొచ్చింది. దాన్ని ముట్టుకోవద్దు, తెల్లగానే ఇద్దామన్నాడు నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. "ఇంటిల్లిపాదీ రంగుల్లో మెరిసిపోతూ అల్లుడొక్కణ్ణీ తెల్లగా కూర్చోబెడితే, ఆయన్ని వేరుచేసినట్టుండదూ? అసలే మాట్లాడని మనిషి. మనసులో పెట్టుకుంటే మనకి తెలుస్తుందా?" అంది. సరేనన్నాడు నాన్న. అల్లుడి చొక్కా కాబట్టి అన్నిటికన్నా గొప్పగా ఉండాలని తేల్చారు. నాయనమ్మ ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. చింతపిక్కలు నూటెనిమిది లెక్కపెట్టి తీసుకుని, అష్టోత్తరం చదువుతూ, ఒక్కో నామానికి ఒక్కో పిక్క లోపల పెట్టి ముడి వేసింది. పిల్ల కాపురం చల్లగా ఉండాలని ఆవిడ మొక్కు. ముడులన్నీ అయ్యాక ఆ చొక్కా పిడికెడు ముద్దయింది. దాన్ని దేవుడి దగ్గర పెట్టి దణ్ణం కూడా పెట్టింది.

పండగ ముందురోజు పొద్దున్న కాగులో మూడు రంగులూ ఒకదాని తర్వాత ఒకటి మరిగాయి. సముద్రపు నీళ్ళు పోశాం. చాలదేమోనని అమ్మ గుప్పెడు రాళ్ళుప్పు కూడా వేసింది. లాంక్లాతు చొక్కాలు ముందు ముంచి తీశాం. టెరిలిన్‌ది ఖరీదైన గుడ్డ కదా, రంగు బాగా పట్టాలని దాన్ని చివర్న ఎరుపులో అన్నిటికన్నా రెట్టింపుసేపు ఉడకబెట్టాం. తర్వాత దొడ్లో అందరం చుట్టూ చేరి ముడులు విప్పడం మొదలుపెట్టాం. అబ్బ, ఆ సంబరం! ఒక్కో నార తెగుతుంటే ఒక్కో పువ్వు విచ్చుకుంటోంది. పసుపు మీద ఊదా సుడులు, ఎరుపులో తెల్ల చక్రాలు. నా వీపు మీద నిజంగానే తామరపువ్వు. తమ్ముడు తడి చొక్కా తొడుక్కుని వీధంతా పరిగెత్తి వచ్చాడు. నాన్న మాత్రం తన చొక్కాని అటూ ఇటూ తిప్పి, "ఇది వృత్తం కాదు. దోసె," అన్నాడు. అంటూనే దాన్ని జాగ్రత్తగా దండెం మీద ఎండపడే వైపు ఆరేసుకున్నాడు.

అల్లుడి చొక్కా నాయనమ్మే విప్పింది. మొదటి ముడి విప్పి ఆగింది. రెండోది విప్పింది. మొత్తం విప్పి దులిపి ఎత్తి చూపించింది. రంగు పట్టలేదు. తెల్ల గుడ్డకి లేత గులాబీ మురికి అంటినట్టుంది, అంతే. పోనీ తెల్లగా ఉందిలే అనుకుందామంటే అదీ లేదు. చింతపిక్కలున్న ప్రతిచోటా గుడ్డ కొమ్ములా లేచి నిలబడింది. నూటెనిమిది కొమ్ములు. వేలితో నొక్కితే లోపలికి పోయి, వేలు తీయగానే మళ్ళీ పైకొస్తోంది. "కాకరకాయ!" అన్నాడు తమ్ముడు. వాడి నెత్తిమీద మొట్టికాయ వేసింది అమ్మ. మావయ్య రంగు పొట్లం కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. చీరాల ఆయన ఎప్పుడూ నూలుకే అద్దేవాడు, నూలుకి మాత్రమే పడుతుందని ప్రత్యేకం చెప్పాలని ఆయనకేం తెలుసు? వేడినీళ్ళలో టెరిలిన్ ఏ మడతలో ఉడికితే ఆ మడతలోనే ఉండిపోతుందని మాకేం తెలుసు? మడత చెడదని గొప్పగా చెప్పుకున్న గుడ్డ నిజంగానే మడత చెడలేదు.

బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టి చూశారు. గట్టిగా కాలిస్తే కరుగుతుందని భయం, మెల్లగా రుద్దితే కొమ్ములు పక్కకి పడుకుని మళ్ళీ లేస్తున్నాయి. నాన్న సైకిలెక్కి మస్తాన్‌గారి దగ్గరికి పరిగెత్తాడు. "రేపు పండగండి మాస్టారూ, కాజాలు కుట్టడానికి కూడా మనిషి లేడండి," అన్నాడాయన. పంచె ఒక్కటీ ఇద్దాం, చొక్కా తర్వాత పంపిద్దాం అంది అమ్మ. "నూటెనిమిది నామాలు చదివి కట్టాను. దాన్ని మూలపడేస్తానంటే నేనొప్పుకోను," అని నాయనమ్మ బిగుసుకుంది. ఈ గొడవ తెమలకముందే రేపల్లె బండి వచ్చే వేళయింది. నాన్న, మావయ్య స్టేషనుకి వెళ్ళారు. అమ్మ చింతపండు, బూడిద పెట్టి కాగు తోముతూ కూర్చుంది. మిగిలిన ఊదా రంగునీళ్ళు పారబొయ్యడానికి మనసొప్పక మావయ్య ముందే పాత కిరసనాయిలు డబ్బాలో పోసి గోడవార దాచాడు.

అక్క రిక్షా దిగింది. చీర బావుంది, మనిషి కాస్త చిక్కింది, పెద్దదానిలా నడుస్తోంది. మమ్మల్ని చూసి నవ్వింది గానీ అది మా అక్క నవ్వు కాదు, పేరంటంలో నవ్వే నవ్వు. బావగారు గొడుగు మడిచి మూలన పెట్టి, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. వానల గురించి నాన్న అడిగితే "అవునండి", రైలు గురించి అడిగితే "లేదండి". అమ్మ ఆయన ఎదుటికి వచ్చేది కాదు. తలుపు వెనక నిలబడి గోడతో చెప్పినట్టు "కాస్త నెయ్యి వేసుకోమనండి" అనేది. ఆయన "పర్లేదండి" అని గోడకే జవాబిచ్చేవారు. వంటింట్లో అక్కని పట్టుకుని అమ్మ గుచ్చి గుచ్చి అడిగింది. "బానే ఉన్నానమ్మా. ఆయన ఏమీ అనరు. అసలేమీ అనరు," అంది అక్క గిన్నెలోకి చూస్తూ.

పండగరోజు అల్లుడికే మొదట తలంటు. కాగు మూడుసార్లు తోమినా ఏ మూల దాక్కుందో రంగు, నీళ్ళు కొంచెం గులాబీగానే దిగాయి. బావగారు తుడుచుకున్న తెల్ల తువ్వాలు కూడా గులాబీ అయింది. ఆయన దాన్ని ఒకసారి చూసి, మాట్లాడకుండా నాలుగు మడతలు పెట్టి దండెం మీద వేశారు. నాయనమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, పంచె, చొక్కా పెట్టి ఇచ్చింది. ఎంత మడిచినా చొక్కా పళ్ళెంలో పడుకోవడం లేదు. మెల్లగా ఊపిరి పీల్చుకుంటున్నట్టు పైకి లేస్తోంది. బావగారు తీసుకుని లోపలికెళ్ళారు. ఈలోపు మేమంతా మా చొక్కాలు వేసుకుని హాల్లో నిలబడ్డాం. అద్దంలో చూసుకున్న ఆనందం ఒకవైపు, అల్లుడేమంటాడో అన్న బెంగ ఒకవైపు. నాన్న పొట్ట మీద పెద్ద ఊదా దోసె, మావయ్య రొమ్ముమీద ఉల్లిపాయ సూర్యుడు.

బావగారు తలుపు తీసుకుని వచ్చారు. ఒంటినిండా కొమ్ములు. భుజాల మీద, జేబు మీద, చేతులమీద, ఎక్కడ చూసినా కొమ్మే. ఆయన ఒక్కొక్కరినీ వరసగా చూశారు. తర్వాత తన చేతుల్ని చూసుకున్నారు. మావయ్య మెల్లగా దొడ్డిగుమ్మం వైపు జరగడం మొదలుపెట్టాడు.

"అందరికీ రంగులేశారు," అన్నారు బావగారు. మేం ఆయన నోట విన్న మొదటి పెద్ద వాక్యం అదే. "నాకొక్కడికే వెయ్యలేదేంటండి?"

తలుపు వెనక అమ్మ చేతిగాజులు గలగలమని ఆగిపోయాయి. ఆవిడ ఏది జరగకూడదని మూడు రోజులుగా కిందామీదా పడిందో అదే జరిగింది. చివరికి నాయనమ్మే ముందుకొచ్చింది. "నీకే ఎక్కువ వేశాం బాబూ. నీకని మంచి గుడ్డ తెచ్చాం. మంచి గుడ్డకి రంగు పట్టదని మాకు తెలీదు. నీకు రెట్టింపు ఉడకబెట్టాం నాయనా," అంది. ఆవిడ నిజంగా దాదాపు ఏడుపు గొంతుతోనే అంది. కానీ "నీకు రెట్టింపు ఉడకబెట్టాం" అనేసరికి వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్క పమిట నోట్లో కుక్కుకుంది. వద్దే అన్నట్టు అమ్మ కళ్ళతోనే బతిమాలింది. అక్క గోడవైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. అప్పుడు బావగారు, ఏం తోచిందో ఏమో, తన రొమ్ముమీది కొమ్మునొకదాన్ని వేలితో లోపలికి నొక్కి వేలు తీశారు. టప్పున పైకొచ్చింది. అంతే, అక్క పగలబడి నవ్వింది. మా పాత అక్క నవ్వు. గోడకి చేరగిలబడి, కూలబడి, కళ్ళనీళ్ళు కారుతుంటే "అయ్యో, అయ్యో" అంటూ నవ్వింది. పక్కింటావిడ తల గోడమీద ప్రత్యక్షమైంది.

కొత్తల్లుణ్ణి చూసి పండగపూట పెళ్ళాం నవ్వితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆయన గొడుగు తీసుకుంటారు, మధ్యాహ్నం బండి ఎక్కుతారు, మళ్ళీ మన గడప తొక్కరు. బావగారు మాత్రం కదల్లేదు. అక్కని అలా చూస్తూ నిలబడిపోయారు. మనిషి నవ్వడం ఎప్పుడూ చూడనట్టు చూశారు. తర్వాత దొడ్డిగుమ్మం దాకా వెళ్ళిన మావయ్యని పిలిచి, "రంగు ఏమన్నా మిగిలిందాండి?" అని అడిగారు.

రైల్లో వేసుకొచ్చిన ఆఫీసు చొక్కా తెచ్చారు. నూలుది, తెల్లది. పంచె ఎగగట్టి, బనీనుతో మా దొడ్లో చాపమీద బాసింపట్టు వేసుక్కూర్చుని, నాన్నని స్కేలు అడిగారు. ముడికీ ముడికీ దూరం కొలిచి చుక్కలు పెట్టుకున్నారు. నాన్న మొహం వెలిగిపోయింది. "చూశావా, ఇదీ పద్ధతంటే," అని మావయ్యని మోచేత్తో పొడిచాడు. ముడి మాత్రం ఆయనకి పడలేదు. నార జారిపోతోంది. నాయనమ్మ నేర్పబోయి, ఏమనుకుందో, "నాకు కళ్ళు ఆనడం లేదు. అమ్మాయీ, నువ్వు రా," అని అక్కని పిలిచి లోపలికెళ్ళిపోయింది. రాత్రిపూట కూడా సూదిలో దారం ఎక్కించే మనిషి. అక్క వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకే గుడ్డ మీద తలలు వంచుకుని ముడులు కట్టారు. డబ్బా పొయ్యి మీద పెట్టి రంగు మరిగాక, కర్రతో తిప్పమంటే వినకుండా, బావగారు అది చల్లారకముందే చేతులు పెట్టేశారు. మోచేతుల దాకా ఊదా. సబ్బు, నిమ్మచెక్క, కిరసనాయిలు, దేనికీ వదల్లేదు. ఆ చేతులతోనే పులిహోర తిన్నారు.

"ఎల్లుండి ఆఫీసులో ఎలా అల్లుడుగారూ?" అన్నాడు నాన్న కంగారుగా.

"జనం చేత వేలిముద్రలు వేయించడమే కదండి నా పని," అన్నారు బావగారు. "నా పది వేళ్ళకే ముందు అంటింది. అడిగితే రిజిస్ట్రేషన్ అయిపోయిందని చెబుతాను." ఆయన మా ఇంట్లో వేసిన మొదటి జోకు అది. తలుపు వెనకనుంచి అమ్మ నవ్వు వినిపించింది.

సాయంత్రం స్టూడియోకి వెళ్ళాం. ఆయన కొత్తగా అద్దిన చొక్కా ఇంకా ఆరలేదు. నాన్న చొక్కా ఇస్తానంటే, "ఇందాకటిదే వేసుకుంటానండి. ఇలాంటిది ఇంకెవరికీ లేదు కదా," అన్నారు. తెనాలి బజారంతా మమ్మల్ని చూసింది. ఈసారి బ్యాండుమేళం అన్నా నాకు బాధ లేదు, ఎవరూ అనలేదు కూడా, నోట మాట రాక. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి, చాలాసేపు చూసి, తల బయటకి తీసి, "మాస్టారూ, పండగపూట అందరి మీదా కూర ఒలికిందాండి?" అన్నాడు. అప్పుడు మాకు తట్టింది, ఆ ఫొటోలో రంగులుండవని. ఇంత చేసి నలుపూ తెలుపుల ఫొటో తీయించుకోడానికి వచ్చామని అందరం ఒక్కసారి గుర్తించి నవ్వుతుంటే ఆయన నొక్కేశాడు.

ఇప్పుడు అలాంటి చొక్కాలు ప్రతి దుకాణంలోనూ దొరుకుతున్నాయి. రంగు కారదు, ముడి జారదు, వృత్తాలన్నీ నాన్న కోరుకున్నట్టే ఏకకేంద్రంగా ఉంటాయి. అవి చూసినప్పుడు బాగున్నాయనే అంటాను, నాకు అసూయ ఏమీ లేదు. కానీ ఏ గుడ్డకి రంగు పడుతుందో ముందే తెలిసిపోవడంలో ఏదో తక్కువైందనిపిస్తుంది. ఇప్పుడు మా మనవలు పెళ్ళికి ముందే ఒకరి సంగతి ఒకరు గంటల తరబడి మాట్లాడుకుని తెలుసుకుంటున్నారు, మంచిదే. మా అక్క, బావగారు రెండు నెలలు ఒకే ఇంట్లో ఉండి, ఒకరికొకరు భోజనం వడ్డించుకుని, ఒకరేమనుకుంటున్నారో ఒకరికి తెలీక బిక్కుబిక్కుమంటూ గడిపారు. ఆ రోజులు మంచివని నేను అనలేను. ఆ రోజుల్లో నవ్వు మాత్రం చాలా పనిచేసేది.

మర్నాడు మధ్యాహ్నం బండికి వాళ్ళు వెళ్ళిపోయారు. తెనాలి స్టేషన్లో అమ్మ అక్కని పక్కకి లాగి, "ఇప్పుడన్నా మాట్లాడతాడుటే నీతో?" అని అడిగింది. "తెలీదమ్మా. చూడాలి," అంది అక్క. బండి కదిలింది. ఆ తర్వాత ఏమైందో ఇన్నేళ్ళలో నేను అడగలేదు, అక్క చెప్పలేదు. మొన్న రేపల్లెలో, పిల్ల విసుక్కుని వెళ్ళిపోయాక, నవ్వులు దగ్గులు అయ్యాక, అక్కే చెప్పింది.

"వేమూరు దాకా ఏమీ మాట్లాడలేదే. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా. వేమూరు దాటాక, 'ఈ పెళ్ళి నీకు ఇష్టంలేకుండా చేశారేమో అనుకున్నాను. ఇంట్లో ఎప్పుడూ నవ్వవు. మాట్లాడి ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నాను,' అన్నారు. మీరు మాట్లాడకపోతే నేనెవరిని చూసి నవ్వనూ అన్నా. ఇక మొదలెట్టారు. వాళ్ళ ఆఫీసు, వాళ్ళమ్మ, చిన్నప్పుడు కాలవలో పడిపోవడం, ఏవేవో. భట్టిప్రోలులో ఎదుటివాళ్ళు దిగిపోయారు, ఆయన ఆగలేదు. రేపల్లెలో దిగాం, ఇంకా చెబుతూనే ఉన్నారు. అంతదాకా నాకు రేపల్లె అంటే స్టేషన్నుంచి ఇంటిదాకా ఉన్న ఒక్క రోడ్డే. అటు తిరగబోతుంటే ఆపారు. ఇల్లు ఇటే కదండీ అన్నా. 'ఇటే. కానీ మాట ఇంకా అవ్వలేదు, చుట్టూ తిరిగి వెళ్దాం,' అన్నారు."